ట్రస్టులు, సొసైటీల ట్రెజరర్లకు: ఈ ఏడాది మా ఆఫీసులో మారేవి

విజయవాడ గవర్నర్‌పేటలోని మా ఆడిట్ ఆఫీసుకు ఖాతాలు అప్పగిస్తున్న ట్రస్టులు, సొసైటీల వారికి నమస్కారం. 2025-26 ఆడిట్ కాగితాలు జూలై 31లోగా మాకు చేరాలి. ఆ తర్వాత వచ్చినవి తీసుకోం. ఏళ్ల తరబడి వస్తున్నవారికి కూడా ఇదే మాట.

ఆడిట్ రిపోర్టుకు గడువు సెప్టెంబరు 30. వ్యాపారుల టాక్స్ ఆడిట్‌కూ అదే తేదీ. ఆఖరి వారంలో వోచర్ల సంచీ వస్తే బ్యాంకు స్టేట్‌మెంట్‌తో క్యాష్‌బుక్ సరిచూడటానికే సమయం చాలదు, ఇక రసీదు పుస్తకాల దాకా ఏం వెళ్తాం? మొహమాటానికి పోయి ఇన్నాళ్లూ తీసుకున్నాం. తప్పు మాదే.

ఇంకో మార్పు. ట్రస్టీగా ఉన్న అకౌంటెంటు ఆ ట్రస్టు ఆడిట్ రిపోర్టుపై సంతకం చేయడానికి 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 288వ సెక్షన్ ఒప్పదు. అందుకని మా పార్ట్‌నర్ ఒకరు కమిటీలో ఉంటే ఇంకో పార్ట్‌నర్‌తో సంతకం చేయించమని కొందరు అడుగుతున్నారు. అదీ చేయం. మా వాళ్లను కమిటీలోకి రమ్మంటే వస్తారు, ఆడిట్ మాత్రం వేరే వారికి ఇవ్వండి.

ఎక్కువ ఇబ్బంది విరాళాల దగ్గరే వస్తోంది. 80జీ (దాతకు పన్ను మినహాయింపు ఇచ్చే అనుమతి) ఉన్న సంస్థ ఏటా మే 31లోగా విరాళాల వివరాల స్టేట్‌మెంట్ అయిన ఫారం 10బీడీ వేసి, దాతకు 10బీఈ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఆలస్యమైతే రోజుకు 200 రూపాయల ఫీజు. ఫారం నింపేటప్పుడు దాత పాన్, చిరునామా, విరాళం కార్పస్‌కా (శాశ్వత నిధికా) మామూలు ఖర్చుకా, నగదా చెక్కా అన్నీ కావాలి. రసీదు రాసేటప్పుడే ఇవి అడగండి. మేలో దాతకు ఫోన్ చేసి పాన్ అడిగితే సగం మంది ఎత్తరు. పాన్‌లో ఒక్క అక్షరం తప్పినా ఆ దాతకు మినహాయింపు దొరకదు, మళ్లీ సవరణ స్టేట్‌మెంట్ వేయాలి. 2,000 రూపాయలు దాటిన నగదుకు దాతకు 80జీ రాదని ముందే చెప్పండి. దాన్ని రెండు రసీదులుగా విడగొట్టి రాయకండి.

పేరు, చిరునామా లేని విరాళాలు మొత్తం విరాళాల్లో 5 శాతం లేదా లక్ష రూపాయలు, ఏది ఎక్కువైతే దాన్ని దాటితే, దాటినంత మేరకు 30 శాతం పన్ను. పూర్తిగా మతపరమైన సంస్థలకు ఇది వర్తించదు గానీ, సేవా ట్రస్టు పెట్టిన హుండీకి వర్తిస్తుంది.

ఖర్చు లెక్కలో మార్చి నెల గుర్తుంచుకోండి. ఆదాయంలో 85 శాతం ఆ ఏడాదే ఖర్చు కావాలి, అదీ నిజంగా చెల్లించినదే లెక్క. పది లక్షలు వస్తే ఎనిమిదిన్నర లక్షలు మార్చి 31లోగా బయటికి వెళ్లాలి. మార్చి జీతం ఏప్రిల్ 2న ఇస్తే అది వచ్చే ఏడాది లెక్కలోకి పోతుంది. అంత ఖర్చు కాకపోతే మిగిలింది ఫారం 10తో ఐదేళ్ల దాకా దాచుకోవచ్చు, కానీ దేనికోసమో తీర్మానంలో స్పష్టంగా రాసి ఆగస్టు 31లోగా వేయాలి. ‘సేవా కార్యక్రమాలకు’ అని ముక్తసరిగా రాస్తే నిలబడదు.

కుటుంబాలు నడిపే ట్రస్టులకు ఒక మాట. ట్రస్టు డబ్బు ట్రస్టీకో బంధువుకో వడ్డీ లేకుండా చేతిబదులు ఇస్తే అది 13వ సెక్షన్‌ను ఉల్లంఘించినట్టే, పన్నుతోపాటు జరిమానా కూడా పడవచ్చు. నెల తిరక్కుండానే వెనక్కి ఇచ్చేశామన్నా అది తప్పే. చెక్కులపై భార్యాభర్తలవి రెండు సంతకాలూ ఉండేకన్నా, ఒకటి బయటి సభ్యునిది ఉండటం మంచిది.

ట్రెజరర్లలో చాలామంది ఉద్యోగం చూసుకుని, రాత్రి భోజనాలయ్యాక పుస్తకాలు ముందేసుకునేవారే. ఏడాది పని ఒకేసారి పెట్టుకుంటే ఇంట్లో వాళ్లకు ఓ నెలంతా మీరు దొరకరు. ప్రతి నెల 5న అరగంట కూర్చుని క్యాష్‌బుక్ నిల్వను బ్యాంకు నిల్వతో కలిపి చూసి, తేడా ఉంటే పెన్సిల్‌తో రాసి పెట్టండి. మా స్టాఫ్‌కూ పిల్లలున్నారు. ఇకపై రాత్రి ఏడు దాటాక ఫోన్లు తీయం, ఆదివారాలు తెరవం. సెప్టెంబరుకూ ఇదే వర్తిస్తుంది. ఈసారి దసరా అక్టోబరులో, రిటర్నుకు గడువు అక్టోబరు 31. దుర్గాష్టమి నుంచి విజయదశమి వరకు ఆఫీసు మూసే ఉంటుంది.

కాగితాలతోపాటు వాడిన, వాడని రసీదు పుస్తకాలన్నీ తీసుకురండి. పాడైన రసీదును చించేయకుండా అడ్డగీత కొట్టి పుస్తకంలోనే ఉంచండి. మినిట్స్ పుస్తకం, ఎఫ్‌డీ బాండ్ల జిరాక్సులు, 12ఏబీ ఉత్తర్వు (ఆదాయపు పన్ను శాఖ ఇచ్చిన ట్రస్టు రిజిస్ట్రేషన్) కూడా కావాలి. ఆ ఉత్తర్వులో గడువు తేదీ ఒకసారి చూసుకోండి, రెన్యువల్ దరఖాస్తు దానికి కనీసం ఆరు నెలల ముందే పడాలి.