మా పాటలో నా వాటాను నిలబెట్టిన ఇస్తాంబుల్ మిత్రులకు కృతజ్ఞతలు

ఇస్తాంబుల్‌కు చెందిన ఒక గాయనితో కలిసి నేను స్వరపరచిన పాట ఈ మధ్యనే అక్కడ విడుదలైంది. సహస్వరకర్తగా నా పేరు, వయొలిన్ వాయించినవాడిగా మళ్లీ నా పేరు, స్వరకల్పనలో నా వాటా ఎంతో తెలిపే నమోదు, అన్నీ సక్రమంగా ఉన్నాయి. హైదరాబాదులో కాల్షీట్ల లెక్కన సినిమా పాటలకు వాయించే నాకు టర్కీ సంగీత వ్యాపారం గురించి ఏమీ తెలియదు. తెలిసినవాళ్లు తమ పనులు పక్కనపెట్టి, ఓపికగా చెప్పారు కాబట్టే ఇది సాధ్యమైంది. తమ పేర్లు రాయవద్దని వాళ్లు కోరారు కనుక, వాళ్లు చేసిన మేలును మాత్రం వివరంగా రాస్తున్నాను.

మొదటి నమస్కారం ఇస్తాంబుల్‌లోని కడికోయ్ ప్రాంతంలో నివసించే ఒక వృద్ధ వయొలిన్ విద్వాంసునికి. అక్కడి సంగీతకారులందరిలాగే నేనూ ఆయనను ‘హోజమ్’ (‘మా గురువుగారు’) అని పిలుస్తాను. మన రాగం లాంటి టర్కీ హిజాజ్ మకామ్‌ను ఆయన ఆలపిస్తుంటే మాయామాళవగౌళ పూర్వాంగం నా చెవిలో మెదిలేది. మా స్నేహం అక్కడ మొదలైంది. కానీ ఆయన నాకు చేసిన పెద్ద ఉపకారం ఇస్తాంబుల్‌లోని ఉన్‌కపానీ అనే పేటకు తీసుకువెళ్లడం. 1960లలో బట్టల వర్తకుల కోసం అక్కడ కట్టిన దుకాణాల సముదాయంలో ఒక భాగం కాలక్రమంలో రికార్డు కంపెనీల నిలయమైంది. 1964లో ఏర్పడిన ప్రభుత్వ ప్రసార సంస్థ టీఆర్‌టీలో ఏ పాట వినిపించాలో, ఏది వినిపించకూడదో అక్కడి పరిశీలక మండలి నిర్ణయించేది. అరబ్బు బాణీల ప్రభావమున్న అరబెస్క్ పాటలకు ఆ తలుపు చాలాకాలం మూసే ఉంది. అందుచేత టర్కీలోని అనతోలియా ప్రాంతపు ఊళ్ల నుంచి బాగ్లమా అనే తంత్రీవాద్యం భుజాన వేసుకొని వచ్చిన యువకులు ఉన్‌కపానీ మెట్లెక్కి, తమ గొంతు వినమని కంపెనీల యజమానులను అడిగేవారు. టీఆర్‌టీ కాదన్న అరబెస్క్ గాయకుడు ఒర్హాన్ గెంజెబాయ్ వంటి వారి పాటలు రికార్డులు, క్యాసెట్ల ద్వారానే దేశమంతా చేరాయి. 1990లో ప్రైవేటు టెలివిజన్, 1990ల నడుమ క్రాల్ టీవీ వంటి సంగీత ఛానళ్లు వచ్చాక వీడియో లేని పాటకు మార్కెట్టు తగ్గింది. ఇప్పుడు ఆ సముదాయంలో రికార్డు దుకాణాలు కొద్దిగానే మిగిలాయి.

ఆ రోజుల్లో స్టూడియోలో వాయించినందుకు ఆ పూట కూలి చేతికి వచ్చేదని, ఆ తరువాత ఆ క్యాసెట్ ఎన్ని అమ్ముడైనా వాద్యకారునికి దానితో సంబంధం ఉండేది కాదని హోజమ్ చెప్పారు. స్వరకర్తలలో కూడా చాలామంది పాటను ఒకేసారి ఇంత మొత్తానికి ఇచ్చేసి వెళ్లేవారట. మా ఫిల్మ్‌నగర్ అనుభవానికి ఇది ఎంత దగ్గరగా ఉందో వేరే చెప్పనక్కరలేదు. తాను పోగొట్టుకున్నది నేను పోగొట్టుకోకూడదన్న పట్టుదలతో, ఆ వయసులో మెట్రో ఎక్కి నన్ను ఒక న్యాయవాది దగ్గరకు తీసుకువెళ్లిన ఆయన ఋణం నేను తీర్చగలిగేది కాదు.

ఆ న్యాయవాది గారికి నా రెండవ నమస్కారం. పాటను మార్కెట్టులోకి తెచ్చే పని ఒప్పుకొన్న ఒక మధ్యవర్తి కంపెనీ మాకు పంపిన ఒప్పందంలో, అన్ని హక్కులూ, అన్ని మాధ్యమాలలో, శాశ్వతంగా కంపెనీకే చెందుతాయని ఒకే వాక్యం ఉంది. ఆవిడ దాన్ని చదివి, టర్కీ కాపీరైట్ చట్టాన్ని, అంటే 1951 నాటి 5846వ నంబరు చట్టాన్ని బల్ల మీద పెట్టి, 52వ అధికరణాన్ని చూపించారు. ఆర్థిక హక్కులను బదిలీ చేసే ఒప్పందం లిఖితపూర్వకంగా ఉండాలి, ఏయే హక్కులు ఇస్తున్నారో ఒక్కొక్కటిగా విడివిడిగా పేర్కొనాలి అన్నది అందులోని నియమం. పునరుత్పత్తి, పంపిణీ, ప్రదర్శన, ప్రసారం, అనుసరణ దేనికది వేరు. ఆవిడ ఆ ఒక్క వాక్యాన్ని విడగొట్టి, ప్రతి హక్కుకూ గడువు, పరిధి, వాటా రాయించి తిరిగి పంపారు. కంపెనీ మొదట కాదంది, తరువాత ఒప్పుకొంది. ఈ పనికి ఆవిడ ఫీజు తీసుకోలేదు.

స్వరకల్పన వేరు, రికార్డింగు వేరు అన్న సంగతిని కూడా ఆవిడే నా మనసుకు ఎక్కించారు. ‘షిమారిక్’ అనే పాటను టర్కీ గాయకుడు తర్కాన్ 1997లో పాడారు, స్వరరచన టర్కీ గాయని సెజెన్ అక్సుది, అదే స్వరం ఇంగ్లీషు మాటలతో ఆస్ట్రేలియా గాయని హాలీ వాలెన్స్ గొంతులో 2002లో బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. ఆ రికార్డింగులో తర్కాన్ గొంతు లేకపోయినా అక్సు స్వరం ఉంది. ఈ తేడా వల్లనే టర్కీలో హక్కుల సంఘాలు కూడా వేర్వేరుగా ఏర్పడ్డాయి: రచయితలకు, స్వరకర్తలకు 1986 నుంచి మెసామ్, 1999 నుంచి ఎమ్‌ఎస్‌జి, గాయకులకు, వాద్యకారులకు ముయోర్‌బిర్, రికార్డింగు యజమానులకు ముయాప్. హోటలులోనో రేడియోలోనో ఒక పాట మోగితే ఈ మూడు వైపులకూ చెల్లింపు అందవలసి ఉంటుంది. నేను స్వరకర్తను, వాద్యకారుడిని కూడా కనుక నా పేరు రెండు చోట్ల ఉండాలని, ఒకచోట ఉంటే చాలదని ఒక సంఘం కార్యాలయంలో పనిచేసే యువతి కాగితం మీద గీతలు గీసి చూపించారు. మన దేశంలోని స్వరకర్తల, గీతరచయితల హక్కుల సంఘం ఐపీఆర్‌ఎస్‌లాగే అక్కడి స్వరకర్తల సంఘాలు కూడా సిసాక్ అనే అంతర్జాతీయ సమాఖ్యలో సభ్యులు కాబట్టి, నా గుర్తింపు సంఖ్య తప్పు లేకుండా నమోదు కావడం ఎంత ముఖ్యమో కూడా ఆమే చెప్పారు. క్యూలో ఇంకా ఎందరో ఉన్నా నాలాంటి విదేశీయునికి అంత సమయం ఇచ్చిన ఆమె సహనాన్ని మరచిపోలేను.

మా గాయని గురించి చెప్పకపోతే ఈ కృతజ్ఞత పూర్తి కాదు. ఆమె బతుకు ప్రధానంగా వేదికల మీదే గడుస్తుంది. చలికాలమంతా కడికోయ్, బెయోగ్లు బార్లలో, వేసవిలో బోద్రుమ్, చెష్మె తీరాల్లో పాడుతుంది. ఆ పైన పెళ్లిళ్లు, కంపెనీ విందులు. ఆన్‌లైన్‌లో పాటలు వినిపించే స్పాటిఫై 2013లో టర్కీకి వచ్చింది, కానీ అక్కడి కరెన్సీ లీరా విలువ పడిపోతున్న దేశంలో అక్కడి చందాల నుంచి వచ్చే రాబడి అద్దెకు కూడా సరిపోదని ఆమె అంటుంది. 2021 జూలైలో అర్ధరాత్రి తరువాత సంగీతం వినిపించకూడదన్న ఆంక్ష అమలులోకి వచ్చింది, మరుసటి ఏడు దాన్ని ఒంటి గంట వరకు సడలించారు. కరోనాలో పనిలేక కుంగిపోయిన వాద్యకారులకు అది మరో దెబ్బ అయింది. ఆమెకు తెలిసిన వాద్యకారులలో కాస్త నిలకడైన ఆదాయం ఉన్నవాళ్లు టీవీ సీరియళ్లకు పనిచేసేవాళ్లే. అక్కడ ఒక్కో వారపు ఎపిసోడ్ రెండు గంటలు దాటి నడుస్తుంది కాబట్టి నేపథ్య సంగీతం ఎప్పుడూ కావాలి. ఇన్ని ఒత్తిళ్ల మధ్య ఉండి కూడా, స్వరకల్పనలో వాటా సగం సగం రాయాలని నాకన్నా ముందు ఆమే అన్నది. ఆ మాట పత్రంలోకి ఎక్కేదాకా వెంటపడింది కూడా.

మా పాట చరణంలో టర్కీ జానపద కవి, గాయకుడు ఆషిక్ వెయ్‌సెల్ పాటలోని ఒక పాదం వాడాలని మొదట అనుకొన్నాం. జానపదమే కదా అని మేము భావిస్తుంటే, హోజమ్ ఆపి, వెయ్‌సెల్ 1973లో మరణించారని, రచయిత మరణించాక 70 ఏళ్లదాకా రక్షణ ఉంటుంది గనుక 2043 ముగిసేవరకు వారసుల అనుమతి కావాలని గుర్తుచేశారు. ఎవరు కట్టారో తెలియని తుర్కు (జానపద గీతం) వేరు, కవి పేరు తెలిసిన పాట వేరు. ఆ పాదాన్ని వదిలి, గాయని తానే కొత్త పాదం రాసింది; నా అభిప్రాయంలో పాటలో అదే అందమైన చోటు.

స్టూడియో సౌండ్ ఇంజనీరుకు, విడుదలైన రోజున ఒక ఆన్‌లైన్ సంగీత వేదికలో నా పేరు కనిపించకపోతే రాత్రికి రాత్రి పంపిణీ సంస్థకు రాసి సరిచేయించినందుకు, ప్రత్యేకంగా ధన్యవాదాలు. ఇస్తాంబుల్‌లో చదువుకొంటున్న మన గుంటూరు కుర్రవాడు ప్రతి సమావేశానికీ నాతో వచ్చి టర్కిష్ మాటలను తెలుగులో చెబుతూ, “అన్నా, ఇక్కడ సంతకం పెట్టకు, ముందు నన్ను చదవనీ” అంటూ తోడున్నాడు. అతని పరీక్షల సమయంలో కూడా అడిగినందుకు ఇప్పటికీ మొహమాటంగా ఉంది. అతని తల్లిదండ్రులకు నా నమస్కారాలు.

ఇస్తాంబుల్ సంగీతకారులతో కలిసి పనిచేయాలనుకొనే తెలుగు వాద్యకారులు, స్వరకర్తలు ఎవరైనా అడిగితే, హక్కులను విడివిడిగా రాసిన ఆ ఒప్పందం నమూనాను న్యాయవాది గారి అనుమతితో పంపుతాను. ఆవిడ అందుకు సంతోషంగా ఒప్పుకొన్నారు.