శాలువా వద్దు సార్, బియ్యం ఇప్పించండి

రేషన్ సంగతులు చూసే జిల్లా అధికారి గారికి, ఎర్రగుంట్ల దగ్గర ఒక కథోలిక విచారణలో, అంటే ఒక ఫాదర్ గారి చర్చి పరిధిలో, మతబోధ చేసే ఉపదేశిగా పనిచేసే మనిషి నమస్కరించి రాసుకునేది.

దీన్ని ఐదో అర్జీ అనుకోండి. నాలుగు సోమవారాలు గ్రీవెన్సుకు వచ్చి ఇచ్చిన కాగితాల రసీదులు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. నాలుగింటికీ 'మీ సమస్య పరిష్కారమైనది' అని ఫోనుకు మెసేజీ కూడా వచ్చింది. సమస్యకు మాత్రం ఆ మెసేజీ అందినట్టు లేదు.

ఏ రాష్ట్రం కార్డుతోనైనా దేశంలో ఎక్కడైనా బియ్యం తీసుకోవచ్చనే 'ఒకే దేశం ఒకే రేషన్ కార్డు' గురించి మీకు నేను చెప్పేదేముంది? 2019లో ముందుగా మొదలుపెట్టిన రాష్ట్రాల్లో మన ఆంధ్రా కూడా ఉంది. నేను చెప్పేది వేళ్ల గురించి.

ఇక్కడ నాపరాళ్ల పాలిష్ మిషన్ల మీద పనిచేయడానికి జార్ఖండ్‌లోని సిమ్డేగా, గుమ్లా వైపు నుంచి వచ్చిన కుటుంబాలు పదకొండు ఉన్నాయి. పొద్దున్నుంచి చీకటి పడేదాకా వాళ్ల చేతులు రాతి బురదలోనే. బండ నునుపు తేలే కొద్దీ వేళ్లూ నునుపు తేలాయి. ఆ వేలు రేషన్ షాపులో వేలిముద్ర మిషను మీద పెడితే ఏం పడుతుంది సార్? తుడిచి పెట్టమంటాడు డీలరు. తడిపి పెట్టమంటాడు. ఇంకో వేలు, ఇంకో చెయ్యి. వెనక లైన్లో వాళ్లు విసుక్కుంటారు. చివరికి "సర్వర్ లేదు, రేపు రాండి" అంటాడు. రేపు రావడమంటే ఇంకో రోజు కూలి పోవడం. చంకలో బిడ్డతో ఒకామె పోయిన నెల ఐదుసార్లు తిరిగింది. పదహారో తేదీ పోతే గడువు అయిపోయిందన్నారు. వేలిముద్ర పడలేదని బియ్యం ఆపొద్దని కేంద్రం 2017లోనే రాష్ట్రాలకు రాసింది కదా. ఆ కాగితాన్ని ఏ రైలు ఎక్కించారో ఏమో, ఎర్రగుంట్ల జంక్షన్లో మాత్రం ఇంకా దిగలేదు.

మా ఫాదర్ గారికి డెబ్బై దాటాయి. కడప మేత్రాసనం, అంటే బిషప్ గారి పరిధి, 1976లో ఏర్పడిన కొత్తలో సెమినరీలో చేరిన మనిషి. రోడ్డు లేని పల్లెలకు సైకిల్ తొక్కుకుంటూ పోయి పూజ చేసి వచ్చేవారు. ఈ జార్ఖండ్ వాళ్లు మొదట్లో భాష రాక గుడిలో చివరి వరసలో ఒదిగి కూర్చునేవాళ్లు. ఫాదర్ గారు ఈ వయసులో హిందీ నేర్చుకుని నెలకో ఆదివారం వాళ్ల కోసం హిందీలో పూజ చేస్తున్నారు. ఆ హిందీ వింటే వాళ్ల పిల్లలే నవ్వుతారు, అది వేరే సంగతి. మోకాళ్ల నొప్పితో కూడా ప్రతి నెలా వాళ్లను వెంటబెట్టుకుని రేషన్ షాపుకు పోయేది ఆయనే. బియ్యం రాని నెల, అంటే దాదాపు ప్రతి నెలా, పూజ కానుకల డబ్బుతో ఆయనే బస్తాలు కొంటారు.

ఇది తెలిసి ఆగస్టు పదిహేను సభలో ఆయనకు శాలువా కప్పారు. సంతోషం. తర్వాతి నెల డీలరు వాళ్లతో అన్న మాట వినండి: "మీకు సామి పెడ్తాండాడు కదా, మళ్లా మా పానం యాల తింటారు?"

ఒక ముసలాయన దయ మీ మిషనుకు సాకు అయింది సార్. ఫాదర్ గారు పల్లెత్తు మాట అనలేదు. నాకే కడుపు రగిలిపోయింది. మనిషికి నెలకు ఐదు కిలోలు, అదీ చట్టం ఇచ్చినవి. గుడి దగ్గర చెయ్యి చాపి తీసుకోవాల్సినవి కావు.

కంటిపాప చూసే మిషను పెట్టండి. అది కుదరకపోతే రిజిస్టరులో సంతకం పెట్టించుకుని ఇవ్వండి. అదీ కాదంటే మీకు తోచిన దారి ఏదైనా చూడండి. దయచేసి మళ్లీ మెసేజీ మాత్రం పంపొద్దు.

వచ్చే నెల ఒకటో తేదీన అందరం షాపు ముందే ఉంటాం, ఫాదర్ గారూ వస్తారు. అప్పటికి ఏమీ కాకపోతే, కనీసం ఆయన కూర్చోడానికి ఒక కుర్చీ అయినా వేయించండి.

ఇట్లు,
ఒక ఉపదేశి