బండి తేలుతుంటే అలైన్‌మెంట్ ఆఖరి పని

సంపాదకులు గారికి,

పాత కార్ల నిర్వహణ మీద మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. హైవే మీద స్టీరింగ్ నిలకడగా లేకపోతే 'వీల్ అలైన్‌మెంట్ చేయించుకోవాలి' (అంటే చక్రాల కోణాలు మెషిన్ మీద సరిచేయించాలి) అని ఒక్క వాక్యంతో సరిపెట్టారు. మామూలు కారుకైనా అది సగం మాటే. పాత స్పోర్ట్స్ కారుకైతే ఆ సలహాతో డబ్బులు పోతాయి, జబ్బు మాత్రం అట్లాగే ఉంటుంది. సెలవు రోజుల్లో ఇలాంటి బండ్లు హైదరాబాద్ నుంచి 44వ నంబరు రహదారి మీద షాద్‌నగర్, జడ్చర్ల దాటి బీచుపల్లి దాకా వస్తున్నాయి. ఇటు నాగార్జునసాగర్ దారిలోనూ కనిపిస్తున్నాయి. మధ్యలో తేడా వస్తే ఆగేది మన ఊళ్ల షెడ్లలోనే. అందుకే ఏది ముందు చూడాలో, ఏది వెనక చూడాలో కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు జబ్బేదో తేల్చుకోవాలి. గంటకు 80, 100 కిలోమీటర్ల మధ్య వేగంలో స్టీరింగ్ చేతిలో వణికి, వేగం మారగానే తగ్గిపోతే అది బ్యాలెన్సింగ్ తప్పడమో, రిమ్ము వంగడమో అయి ఉంటుంది. ఎప్పుడూ ఒకే పక్కకు లాగుతుంటే గాలి, టైరు, పట్టేసిన బ్రేకు చూడాలి. బండి ఆపి నాలుగు చక్రాల దగ్గరా చేయి పెట్టి వేడి పోల్చితే పట్టేసిన బ్రేకు ఇట్టే దొరుకుతుంది. ఈ రెండూ కాక, చదునైన రోడ్డు మీద బండి కాసేపు అటు, కాసేపు ఇటు జరుగుతూ, డ్రైవరు ఎడతెగకుండా సర్దుకుంటూ పోవాల్సి వస్తే దాన్నే తేలడం అంటాం. 100 వేగంలో బండి సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది, లేన్ దాటడానికి చిన్న తేడా చాలు. దీన్ని కనిపెట్టడానికి 140లో తోలాల్సిన పని లేదు. మధ్యలో డివైడర్ ఉన్న జాతీయ రహదారుల మీద కార్లకు 2018లో కేంద్రం పెట్టిన గరిష్ఠ పరిమితి 100. ఆలోపే రోగం బయటపడుతుంది.

తేలడంలోనూ రెండు రకాలున్నాయి, షెడ్లలో ఎక్కువగా పొరపాటు జరిగేది ఇక్కడే. ఒకటి వదులు: స్టీరింగ్ కొద్దిగా తిప్పినా బండి వినదు, తర్వాత ఒక్కసారిగా వింటుంది. రెండోది బిగుతు: స్టీరింగ్ ఎక్కడ పెడితే అక్కడే నిలబడుతుంది, వదిలితే తనంతట తాను మధ్యకు రాదు. డ్రైవరుకు రెండూ ఒకేలా అనిపిస్తాయి, చికిత్స మాత్రం పూర్తిగా వేరు. బిగుతు బండిని వదులనుకొని స్టీరింగ్ బాక్సు (స్టీరింగ్ తిప్పుడును చక్రాలకు అందించే గేర్ల పెట్టె) స్క్రూ ఇంకా బిగిస్తే రోగం రెట్టింపవుతుంది.

చూడటం మొదలు టైర్లతోనే. బండి రాత్రంతా నిలబడ్డాక, పొద్దున ఎండ తగలకముందు గాలి కొలవాలి. హైవే మీద నడిచొచ్చిన టైరులో 4 నుంచి 6 పీఎస్ఐ పెరగడం మామూలే. బంకులో అది చూసి ఎక్కువుందని తీసేస్తే తెల్లారేసరికి తక్కువైపోతుంది. వెనక టైర్లలో గాలి తగ్గినా తేడా స్టీరింగ్‌లోనే తెలుస్తుంది కాబట్టి అందరూ ముందు చక్రాలనే అనుమానిస్తారు. స్పోర్ట్స్ కార్లతో ఇంకో తిరకాసు ఉంది. అవి తిరిగేది తక్కువ, గుండీ (టైరు నేలను పట్టే గాడుల భాగం) అరగదు, రబ్బరు మాత్రం గట్టిపడిపోతుంది. టైరు పక్కగోడ మీద నాలుగంకెలు చూడండి: 2316 అంటే 2016లో 23వ వారం. ఆరేళ్లు దాటితే అనుమానించాలి, పదేళ్లు దాటితే గుండీ ఎంతున్నా తీసేయాలి. ముందూ వెనకా ఒకే సైజైతే తారుమారు చేసి నడిపి చూడండి. నడక మారితే దోషం టైర్లదే, ఒక్క పార్టూ కొనకుండా సంగతి తేలిపోతుంది. కంపెనీ సైజు కంటే వెడల్పు టైర్లు, స్పేసర్లు (చక్రాన్ని బయటికి జరిపే బిళ్లలు) వేసిన బండి మిర్యాలగూడ, వాడపల్లి వైపు లారీల బరువుకు గాడులు పడిన రోడ్ల మీద గాడి వెంబడే పోతుంది. దానికి పాత సైజుకు రావడమొక్కటే మందు.

టైర్ల తర్వాత జాయింట్లు, అంటే స్టీరింగ్‌ను చక్రాలకు కలిపే కీళ్లు. జాకీ మీద లేపి చక్రం ఊపి 'బాగానే ఉంది' అనడం చాలదు, బరువు మీద లేని జాయింటు తన ప్లే (వదులు కదలిక) దాచుకుంటుంది. బండి నేల మీదే, గుంత మీద గానీ నాలుగు చక్రాలూ ఆనే ర్యాంపు మీద గానీ ఉండాలి. హ్యాండ్ బ్రేకు వేసి చక్రాలకు అడ్డం పెట్టాలి. ఒకరు సీట్లో కూర్చొని, పవర్ స్టీరింగైతే ఇంజన్ ఆన్‌లో ఉంచి, స్టీరింగ్‌ను గడియారంలో 11 నుంచి 1 దాకా అటూ ఇటూ ఆడిస్తుండాలి. రెండో మనిషి కింద నుంచి ఒక్కో జాయింటునూ పట్టుకోవాలి. బొటనవేలు టై రాడ్డు (చక్రాన్ని తిప్పే కడ్డీ) మీద, మిగతా వేళ్లు స్టీరింగ్ ఆర్మ్ (ఆ కడ్డీ తగిలే చక్రం వైపు చేయి) మీద ఉండాలి. కంటికి ఆనని అర మిల్లీమీటరు వేళ్లకు 'టిక్'మని తగులుతుంది. బాక్సుకు బదులు ర్యాక్ (గొట్టంలో పక్కలకు జరిగే పళ్ల కడ్డీ) ఉన్న బండిలో చక్రం తిరగకముందే ర్యాక్ గొట్టమే క్లాంపులో పక్కకు జరుగుతోందా చూడాలి. నూనె తాగి మెత్తబడిన క్లాంపు రబ్బర్లు చేసే పని అది. వాటిని వదిలేసి కొత్త ర్యాక్ అమ్మే షాపులూ ఉన్నాయి. స్టీరింగ్ కడ్డీ మధ్యలో రబ్బరు బిళ్ల ఉంటే అది చిరిగిందేమో కూడా అప్పుడే చూసుకోవాలి.

ఆ తర్వాత జాకీతో లేపి, స్టాండు మీద నిలిపి, చక్రాన్ని పైనా కిందా పట్టుకొని ఊపండి. ప్లే ఉంటే ఒకరిని బ్రేకు తొక్కమనండి. తొక్కగానే ప్లే పోతే అది వీల్ బేరింగు, పోకపోతే చక్రం పక్కలకు తిరగడానికి ఆధారమైన బాల్ జాయింటో (గుండు కీలు), కింగ్‌పిన్నో (నిలువు పిన్ను). 1962 నుంచి 1980 దాకా వచ్చిన ఎంజీ బీ స్పోర్ట్స్ కారు లాంటి వాటిలో కింగ్‌పిన్‌కు ఒక్కో పక్క మూడు గ్రీస్ నిపుళ్లుంటాయి. చక్రం లేపి బరువు తీసేసి కొడితేనే గ్రీస్ లోపలిదాకా పోతుంది, నేల మీద ఉంచి కొడితే పక్కల నుంచి కారిపోతుంది.

ఒక లెక్క చెబితే అలైన్‌మెంట్ ఎందుకు ఆఖరి పనో అర్థమవుతుంది. స్టీరింగ్ ఆర్మ్ 120 మి.మీ. ఉందనుకోండి. టై రాడ్ ఎండ్‌లో 1 మి.మీ. ప్లే ఉంటే చక్రం దాదాపు అర డిగ్రీ తన ఇష్టం వచ్చినట్టు తిరగగలదు. 560 మి.మీ. వ్యాసమున్న టైరుకు అది టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే తేడా) కొలతలో సుమారు నాలుగున్నర మిల్లీమీటర్లు. మెషిన్ మీద మనం పెట్టే టో మహా అయితే 2 మి.మీ.! వెనక చక్రాలతో నడిచే బండిలో రోడ్డు ముందు చక్రాలను వెనక్కి నెడుతుంటుంది, ప్లే అంతా ఆ ఒత్తిడికి విచ్చుకొని టో-ఇన్ (లోపలికి) కాస్తా టో-అవుట్ (బయటికి) అయిపోతుంది. మెషిన్ కొలిచేది నిలబడ్డ బండిని. కాగితం మీద పచ్చ గీతలన్నీ పడ్డాక కూడా అడ్డాకుల దాటేసరికి బండి మళ్లీ తేలేది ఇందుకే.

బిగుతు సంగతికి వద్దాం. ముందు చక్రాలు రెండూ లేపి స్టీరింగ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు నెమ్మదిగా తిప్పండి. ఎక్కడైనా పట్టినట్టుంటే టై రాడ్లు విడదీసి మళ్లీ తిప్పాలి. ఇప్పుడూ పడితే దోషం ర్యాకులోనో, బాక్సులోనో, కడ్డీ యూనివర్సల్ జాయింటులోనో ఉంటుంది. తేలికైపోతే బాల్ జాయింటు గానీ స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బరు కలిసిన నిలువు కాలు) పై బేరింగు గానీ బిగుసుకున్నట్టు. స్ట్రట్ బేరింగు పట్టేస్తే తిప్పేటప్పుడు స్ప్రింగు మీద చేయి పెడితే మెలి పడి టంగుమని జారడం తెలుస్తుంది. స్టీరింగ్ బాక్సు అరిగేది మధ్యభాగంలో, ఎందుకంటే బండి ఎక్కువగా నడిచేది తిన్నగా. మధ్యలో ప్లే పూర్తిగా పోయేదాకా స్క్రూ బిగిస్తే పక్కలకు తిప్పినప్పుడు పట్టేస్తుంది. లింకు విప్పి, చక్రాలు తిన్నగా ఉండే స్థితిలో, స్క్రూను పావు చుట్టు కంటే తక్కువ తిప్పుతూ, ప్రతిసారీ చివరిదాకా తిప్పి చూడాలి. మధ్యలో ప్లే పోయి పక్కల్లో బిగిసిందంటే ఆ బాక్సు ఆయుష్షు తీరినట్టే, మార్చాలి.

బుష్‌ల (ఆర్మ్‌ల కీళ్లలో ఉండే రబ్బరు తొడుగుల) దగ్గర చాలా షెడ్లు చేసే ఒక తప్పు ఉంది. లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద నుంచి పట్టే చేయి) వెనక బుష్ పైకి బాగున్నట్టే కనిపిస్తుంది, టైరు లీవరు పెట్టి కదిలిస్తే గానీ రబ్బరు ఇనుము నుంచి ఊడిందని తెలియదు. సరే, మార్చారు. కానీ బండి జాకీ మీద వేలాడుతుండగానే బోల్టులు పూర్తిగా బిగించేస్తారు. కిందికి దించగానే రబ్బరు మెలి తిరిగి, ఆ మెలితోనే రోజంతా పని చేసి, కొన్ని నెలల్లో చిరిగిపోతుంది. ఓనరేమో హైదరాబాద్ పుత్లీబౌలి నుంచి తెచ్చిన పార్టు డూప్లికేట్ అని షాపాయన్ను తిడతాడు. బోల్టులు చేతి బిగింపుతో వదిలి, బండి దించి, రెండుసార్లు అదిమి కుదురుకోనిచ్చాకే టార్క్ రెంచి వేయాలి. టై రాడ్ నట్టుకు స్ప్లిట్ పిన్ను కన్నం కుదరకపోతే నట్టు వదులు చేయకూడదు, ఇంకాస్త బిగించి తర్వాతి కన్నానికి తెచ్చుకోవాలి.

వెనక భాగాన్ని ఎవరూ చూడరు. యాక్సిలరేటర్ వదలగానే, తొక్కగానే బండి ముక్కు పక్కకు మళ్లితే వెనక ఆర్మ్ బుష్‌లు పోయినట్టే. కమాన్ పట్టీల బండైతే సెంటర్ బోల్టు విరిగి యాక్సిల్ జరిగిందేమో చూసుకోండి. ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకు రెండు పక్కలా టేపుతో కొలిచినప్పుడు 5 మి.మీ. కంటే తేడా వస్తే యూ బోల్టుల నుంచి మొదలుపెట్టాలి. వెనక చక్రాల్లో కొద్దిపాటి టో-అవుట్ ఉన్నా 90 దాటాక బండి తోక ఊపుతుంది.

ఇక ఎత్తు. స్పీడ్ బ్రేకర్ల భయానికి వెనక స్ప్రింగుల కింద రబ్బరు బిళ్లలు పెట్టి లేపడం మనవైపు బాగా అలవాటు. 1989లో వచ్చిన మొదటి తరం మాజ్డా ఎంఎక్స్-5 లాంటి బండికి వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 2265 మి.మీ. అలాంటిదాన్ని వెనక 40 మి.మీ. లేపితే ముందు క్యాస్టర్ (చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలే కోణం) ఒక డిగ్రీ పడిపోతుంది. క్యాస్టరే కదా స్టీరింగ్‌ను మధ్యకు లాగేది! స్ప్రింగులు కోసి బండిని కిందికి దించేవాళ్లకు వేరే చిక్కు: టై రాడ్, లోయర్ ఆర్మ్ ఒకే వాలులో ఉండవు, ప్రతి గతుకుకూ చక్రం దానంతటదే తిరుగుతుంది. ఎన్నిసార్లు టో సరిచేసినా అది పోదు. కొన్ని బండ్లలో పుట్టుక దోషమూ ఉంటుంది. తొలినాటి పోర్షే 911లో బరువంతా వెనకే. కంపెనీయే ముందు బంపరు రెండు కొసల్లో 11 కిలోల చొప్పున ఇనుప దిమ్మలు పెట్టింది, 1969 మోడలుకు వచ్చేసరికి వీల్‌బేస్‌ను 57 మి.మీ. పెంచింది. ఊడిపోయిన ముందు ఎయిర్ డ్యామ్‌ను (బంపరు కింద గాలిని అడ్డే పలకను) డిక్కీలో పడేసి తిరిగేవాళ్లు కూడా గుర్తుంచుకోవాలి: 50లో ముక్కును లేపే గాలి 100లో నాలుగు రెట్లు బలంగా లేపుతుంది.

ఇవన్నీ అయ్యాకే అలైన్‌మెంట్. ట్యాంకు సగం నింపి, డ్రైవరు సీట్లో బరువు పెట్టి చేయించాలి. టో ఒక్కటి సరిచేసి పంపితే ఒప్పుకోకండి. చక్రాలను రెండు పక్కలకూ తిప్పి క్యాస్టర్ కొలవాలి, ఎడమకూ కుడికీ తేడా అర డిగ్రీ దాటకూడదు. కంపెనీ కొలతలు ఆ మోడల్ మాన్యువల్ నుంచి మీరే పట్టుకెళ్లండి, మన షాపుల మెషిన్లలో పాత స్పోర్ట్స్ కార్ల డేటా చాలాసార్లు ఉండదు, దగ్గరలో ఉన్న వేరే మోడల్‌ను ఎంచుకొని సెట్ చేసేస్తారు. పనికి ముందు కొలతలు, తర్వాత కొలతలు రెండూ ప్రింటు తీసుకోండి. ఎంఎక్స్-5లో క్యాస్టర్, క్యాంబర్ (చక్రం పక్కకు వాలే కోణం) మార్చే క్యామ్ బోల్టులు తుప్పుకు బుష్‌లోనే పట్టేస్తాయి. వాటికి ముందురోజు సాయంత్రమే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచితే షాపువాళ్లు సుత్తి పట్టుకునే అవసరం రాదు.

మీ సంచికలో మళ్లీ ఈ విషయం మీద రాస్తే, బుష్‌ల బోల్టులు బండి దించాకే బిగించాలన్న ఒక్క మాటైనా వేయండి. చదివి పాటించేవాళ్లకు ఖర్చు లేని పని అది.

ఇట్లు,
ఒక పాత కార్ల మెకానిక్,
మహబూబ్‌నగర్