కేజీకి 10 రూపాయలు ఎందుకు పెరిగిందంటే

మా పలాస జీడిపప్పు ఏళ్లుగా కొంటున్న మీ అందరికీ నమస్కారం. ఈ నెల నుంచి అన్ని సైజులకూ కేజీకి 10 రూపాయలు పెంచాం. పిక్కల రేటు పెరిగిందంటే మీరు నమ్మేస్తారు, నాకూ గొడవ ఉండదు. కానీ పెరిగింది డాక్టరు ఫీజు.

మా దగ్గర పనిచేసే 40 మందికి ఏటా హెల్త్ చెకప్ ఉంటుంది. మొన్నటిదాకా తలకి 150 చొప్పున ఒక ఏజెన్సీకి ఇచ్చేవాళ్లం. ఈసారి వాళ్లు పంపిన ఫారాలు చూస్తే అందరి బీపీ 120/80. పొట్టు తీసే మామ్మకీ అంతే, బస్తాలు మోసే కుర్రాడికీ అంతే. కటింగ్‌లో కూర్చునే ఒకావిడకి కుడిచేతి వేళ్లు నల్లబడి, గోళ్ల పక్కన పగిలిపోయి ఉన్నాయి. ఆమె ఫారంలో ‘చర్మం: నార్మల్’. అడిగితే, “నా సెయ్యి సూడనేదు బాబూ, పేరడిగి రాసుకున్నారు” అంది. ఏజెన్సీకి ఫోన్ చేస్తే, “మీకు కావాల్సింది సర్టిఫికెట్టే కదా సార్” అన్నారు. నన్ను ఏమనుకున్నారో మరి!

పిక్క తొక్కలో ఉండే జీడి రసం చర్మాన్ని కాల్చేస్తుంది. అందులోని అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్ చేసే పని అది. మీరు తినే పప్పుకి దానితో భయం లేదు, ఆ బాధంతా తొక్క కోసేవాళ్లది. ఆముదం, బూడిద రాసుకుని నెట్టుకొస్తుంటారు.

ఏజెన్సీని మాన్పించి, ఏఎఫ్‌ఐహెచ్ చేసిన డాక్టరమ్మని అడిగాం. ఎంబీబీఎస్ తర్వాత ఫ్యాక్టరీ ఆరోగ్యం మీద చేసే మూడు నెలల కోర్సు అది. నెలకో పూట వస్తాను, పూటకి 6,000 అన్నారు. ఏడాదికి 72,000. పాత ఖర్చు 6,000. నిజంగా నిద్ర పట్టలేదు. ఏడాదికి ఒక్కసారే రమ్మంటే, “ఒక్క పూటలో 40 మందినీ చూసేయొచ్చు, మళ్లీ మీ పాత కాగితాలే వస్తాయి” అన్నారు. ఆ పూట ఆవిడ సొంత ఓపీ మూసుకుని రావాలి. బాయిలర్ మెకానిక్ వస్తే దారి ఖర్చులతో సహా అడిగినంత ఇచ్చేస్తాం, బేరం డాక్టరు దగ్గరేనా అనిపించింది. ఒప్పుకున్నాను.

రెండో షరతు ఇంకా కష్టమైంది. ఎవరి రిపోర్టు వాళ్లకే ఇస్తారట. నాకు మాత్రం ఫలానా మనిషి ఈ పనికి సరిపోతుందా, పని మార్చాలా అన్నదే చెప్తారు. డబ్బులు నావి, రిపోర్టు నాకు లేదా? ఆ పద్ధతే సరైనదని తెలుసు. అయినా కొంచెం మంటగానే ఉంది.

మావాళ్లలో చాలామందిది ఉద్దానం. అక్కడి కిడ్నీ జబ్బు సంగతి మీకు కొత్త కాదు. అందుకే క్రియాటినిన్ పరీక్ష కూడా పెట్టించారు. పరీక్షలకి ఏడాదికి ఇంకో 24,000. నెలకి టన్ను పప్పు అమ్ముతాం కాబట్టి అన్నీ కలిపి కేజీకి 8 పడుతుంది. మిగతా 2 చేతి తొడుగులకి.

కూలీలో కోసెయ్యమని సలహా ఇచ్చినవాళ్లూ ఉన్నారు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్ ప్రకారం 40 ఏళ్లు దాటినవాళ్లకి ఏటా ఉచితంగా పరీక్షలు చేయించాలి. ఆ చట్టం లేకపోయినా నేను కోయను. “ఊళ్లో ఎవరికీ లేనిది నీకెందుకు” అని తోటి వ్యాపారులు నవ్వుతున్నారు. నవ్వుకోనివ్వండి.

10 రూపాయలు ఎక్కువనిపిస్తే బద్దలు తీసుకోండి, పాయసంలోకీ కూరల్లోకీ అవే బాగుంటాయి. రేటు తగ్గించమని మాత్రం అడక్కండి. పాత రేటుకి డబ్బు కట్టినవాళ్లకి పాత రేటే. డాక్టరమ్మ వచ్చే పూట కటింగ్ ఆపేస్తాం, ఆ రోజు పార్సిళ్లు వెళ్లవు. తేదీ ముందురోజు వాట్సాప్‌లో పెడతాం.