అమ్మమ్మ ఎర్రనీళ్లు

కాల్గరీ

అమ్మా,

నువ్వు, బాపు మంచిగున్నారు కదా. బాపు మోకాలి నొప్పి ఎట్లుంది? గోళీలు మధ్యలో ఆపొద్దని గట్టిగా చెప్పు. మేము బాగానే ఉన్నాం. ఆఫీసు ఎప్పటిలాగే, చెప్పడానికేం లేదు.

మొన్న ఫోన్లో "పిల్లగాడు తెలుగు మరిచిపోతున్నడేందే" అన్నావు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇంట్లో నేను వాడితో తెలుగే మాట్లాడుతున్నానమ్మా. వాడే బడి భాషలో జవాబిస్తాడు. ఇదంతా ఫోన్లో చెప్తే ఏడుపొస్తుందని రాస్తున్నా.

వాళ్ల బడిలో ఈ నెలంతా రంగుల పాఠాలు. ఆదివారం ఇంట్లో నేనూ కూర్చోబెట్టా. నువ్వు కొమ్ములు పట్టించి పంపిన పసుపు అర చెంచా నీళ్లలో కలిపి, తెల్ల కాగితం ముంచి ఆరబెట్టాం. వాడు అగ్గిపుల్లను సబ్బునీళ్లలో ముంచి దాని మీద గీత గీశాడు. గీసినంత మేర పసుపు ఎర్రబడింది. నెత్తురనుకున్నాడో ఏమో, పుల్ల వదిలేసి వేలు చూసుకున్నాడు. పసుపులో కర్కుమిన్ అనే రంగు పదార్థం ఉంటుంది, సబ్బు, సున్నం లాంటివి తగిలితే ఎర్రబడుతుంది, పులుపు తగిలితే మళ్లీ పసుపవుతుంది అని చెప్తూ నిమ్మరసం చుక్క వేశా. చుక్క పడ్డచోట ఎరుపు పోయింది. కాసేపు చూసి, "అమ్మమ్మ ఎర్రనీళ్లు" అన్నాడమ్మా! తెలుగులోనే. పోయినేడు మేమొచ్చినప్పుడు గడపలో నిలబెట్టి దిష్టి తీశావు కదా, పసుపునీళ్లలో సున్నం కలిపి. అది వాడికి యాదికుంది. నేను వంటింట్లోకి పోయి కండ్లు తుడుచుకున్నా.

ఊదారంగు క్యాబేజీ ఉడికించిన నీళ్లతో కూడా చేశాం. నిమ్మరసం పోస్తే గులాబీ, వంటసోడా వేస్తే నీలం. రెండూ కలుపుతానని పట్టుబట్టాడు, నురగ పొంగి టేబులంతా పారింది. అక్క పిల్లలకు చెప్పు, మన పెరట్లో ఎర్రమందారం రేకులు వేడినీళ్లలో నానబెట్టినా ఇట్లనే రంగులు మారుతాయి.

బతుకమ్మకు ఇక్కడ గునుగు దొరకదు. తెల్ల చేమంతి కొని, కాడ ఏటవాలుగా కోసి నీలం రంగు కలిపిన నీళ్లలో పెట్టాం. మనం గునుగును రంగులో ముంచుతాం, ఇదేమో కాడతోనే పీల్చుకుంటుంది. పొద్దున్నే లేచి పండ్లు కూడా తోముకోకుండా పువ్వు దగ్గరికే ఉరికాడు. రేకుల అంచులు నీలమెక్కాయి.

సద్దులనాడు పద్మాక్షి గుట్ట దగ్గర మెల్లగా నడువు, జనం ఎక్కువుంటారు. మలీద ఒక్క ముద్దకే ఆపు, నీ షుగర్ సంగతి తెలుసు కదా.

ఆదివారం వీడియో కాల్ చేస్తా. పసుపు, సున్నం దగ్గర పెట్టుకో. నువ్వు కలుపుతుంటే చూడాలంటున్నాడు. వాడితో తెలుగులోనే మాట్లాడు, జవాబు ఆలస్యమైనా ఫోన్ పెట్టేయకు.

నీ చిన్నబిడ్డ