2024–25 వార్షిక నివేదిక: మేజర్ పద్మపాణి ఆచార్య స్మరణ, ఇతర పనులు

మన కాలనీ సంఘం గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది పనుల్లో సభ్యులు ఎక్కువగా మాట్లాడుకున్నది జూన్ 28 కార్యక్రమం గురించే. కాబట్టి ముందు అదే రాస్తున్నాం.

కార్గిల్ యుద్ధంలో మన హైదరాబాద్ ఆఫీసరు మేజర్ పద్మపాణి ఆచార్య ప్రాణాలిచ్చి 2024 జూన్ 28కి పాతికేళ్లు నిండాయి. ఆ రోజు శుక్రవారం. ఆదివారానికి జరిపితే జనం వస్తారని కొందరు, జులై 26 కార్గిల్ విజయ్ దివస్‌లో కలిపేస్తే ఖర్చు తగ్గుతుందని ఇంకొందరు కమిటీలో గట్టిగానే వాదించారు. విజయ్ దివస్ దేశమంతా చేసుకునేది. ఈయన పోయిన రోజును మనం కాకపోతే ఎవరు గుర్తుపెట్టుకుంటారు అన్న మాట చివరికి నెగ్గింది. ఆఫీసులున్నవాళ్లు చాలామంది రాలేకపోయిన మాట నిజమే.

ఆయన తెలుగువాడేనా అని ఒకరిద్దరు అడిగారు. కుటుంబానిది ఒడిశా. పుట్టింది హైదరాబాద్‌లో, 1969 జూన్ 21న. డిగ్రీ ఉస్మానియాలో. తండ్రి వాయుసేనలో పనిచేశారు. ఈయన 1994లో సైన్యంలోని రెండో రాజ్‌పుతానా రైఫిల్స్ బెటాలియన్‌లో ఆఫీసరుగా చేరారు. మన ఊరివాడు అనడానికి ఇది చాలదా?

ముఖ్య అతిథులను పిలవలేదు, శాలువాలు కప్పలేదు. మన కాలనీలోని మాజీ సుబేదార్ గారు ఇసుక కుప్పపోసి ఆ రాత్రి ఏం జరిగిందో పిల్లలకు చూపించారు. కార్గిల్ ప్రాంతంలో ద్రాస్ దగ్గరి తోలోలింగ్ శిఖరం అప్పటికే మన చేతికొచ్చింది. దాని వెనక శిఖరాల మీద శత్రువు ఇంకా ఉన్నాడు. దారిలో మందుపాతరలు, పైనుంచి మెషిన్ గన్లు. పైగా అది జ్యేష్ఠ పున్నమి. ఇక్కడ రైతులు ఏరువాక చేసుకునే ఆ వెన్నెల అక్కడ ఎక్కేవాడిని పట్టిచ్చేస్తుందని సుబేదార్ గారు అన్నప్పుడు హాల్లో ఎవరూ కదల్లేదు. ముందు నడిచిన ప్లాటూన్ (చిన్న సైనిక దళం) మీద ఫిరంగి గుళ్లు పడి చాలామంది ఒరిగిపోతే, మేజర్ ఆచార్య రిజర్వు ప్లాటూన్‌ను తీసుకుని తానే ముందుకెళ్లారు. గ్రెనేడ్లు విసురుతూ తీవ్రంగా గాయపడ్డారు. కదల్లేని స్థితిలో, తనను వదిలి ముందుకు సాగమని జవాన్లను ఆదేశించి తను కాల్పులు ఆపలేదు. స్థావరం దక్కింది, ఆయన దక్కలేదు. ముప్పై నిండి వారమే అయింది. ప్రభుత్వం మహావీర చక్ర ఇచ్చింది.

ఆ తర్వాత, చనిపోవడానికి కొద్ది రోజుల ముందు ఆయన తండ్రికి రాసిన ఉత్తరం గురించి చెప్పుకున్నాం. ప్రాణనష్టం గురించి బెంగపెట్టుకోవద్దని అందులో రాశారు. గర్భంతో ఉన్న భార్యకు రోజుకో మహాభారత కథ చెప్పమన్నారు, పుట్టబోయే బిడ్డకు మంచి విలువలు అబ్బాలని. ఆయన పోయాక పాప పుట్టింది. అభిమన్యుడి కథ తెలిసిన పెద్దవాళ్లకు ఇది వివరించాల్సిన పని లేకపోయింది.

అదే పోరాటంలో, అదే బెటాలియన్‌తో పోరాడిన మరో ఇద్దరు యువ ఆఫీసర్లూ పోయారు. నాగాలాండ్‌కు చెందిన కెప్టెన్ కెంగురుసే బూట్లు విప్పేసి వట్టి కాళ్లతో బండ ఎక్కారు. కెప్టెన్ విజయంత్ థాపర్‌కు ఇరవై రెండేళ్లు. ఈసారి వాళ్ల ఫొటోలు పెట్టలేదు. ఎందుకు పెట్టలేదని అడిగింది పెద్దవాళ్లు కాదు, పదో తరగతి పిల్లలు.

మిగతా పనులు: బోరు మోటారు మార్చాం. వీధి దీపాల ఫిర్యాదు ఇంకా తేలలేదు, తిరుగుతూనే ఉన్నాం. బోనాలు, వినాయక చవితి మామూలుగా జరిగాయి. డీజే వద్దన్న తీర్మానాన్ని ఈసారి దాదాపు అందరూ పాటించారు. జమాఖర్చుల పట్టిక విడిగా జత చేశాం.

రాబోయే జూన్ 28 శనివారం వస్తోంది, కాబట్టి తేదీ గొడవ లేదు. ముగ్గురి ఫొటోలూ పెట్టాలని, ఇసుక నమూనా పిల్లలే తయారు చేయాలని కమిటీ ప్రతిపాదన. సర్వసభ్య సమావేశంలో మీ అభిప్రాయం చెప్పండి.

కార్యదర్శి