గోబర్ గ్యాస్ కట్టించారు, నీళ్ల సంగతి చెప్పలేదు

సంపాదకులకు నమస్కారం.

మాది గజపతి జిల్లా కాశీనగర్ దగ్గర పల్లె. ఒడిశాలో ఉన్నా ఇంట్లో మాటా, చదివే పేపరూ తెలుగే.

మా పెరట్లో 2 ఘనపు మీటర్ల గోబర్ గ్యాస్ ప్లాంటు ఉంది. నేలలో ఇటుకలతో గుమ్మటంలా కట్టే దీనబంధు రకం, 1984 నుంచీ కడుతున్నదేనట. రోజుకి 50 కిలోల పేడ, అంతే నీళ్లు పోయాలి. అప్పట్లో సాలలో 5 గొడ్లు ఉండేవి, సరిపోయేది. పొద్దున్నే పేడలో గడ్డిపరకలు ఏరి, ఉండల్లేకుండా చేత్తో పిసికి కలపడం నా వంతు. గడ్డి లోపలికి పోతే పైకి తేలి మీగడలా గట్టిపడిపోతుంది. మా అత్త మొదట్లో ఆ పొయ్యి మీద ప్రసాదం వండనివ్వలేదు. గిన్నె అడుగున మసి లేకపోవడం చూశాక ముందుగా టీ పెట్టుకునేది ఆవిడే!

రెండో వానాకాలంలో మంట ఎగిరెగిరి పడింది. పైపులో గుడగుడమని చప్పుడు. కొన్నాళ్లకి అసలే ఆరిపోయింది. కట్టినవాళ్లకి ఎన్నిసార్లు కబురు పెట్టినా రాలేదు. గుమ్మటం పగిలిపోయిందని ఊళ్లో తేల్చేశారు. ఏడాదిన్నర మళ్లీ కర్రపొయ్యి, మళ్లీ పొగ.

పాతపట్నం నుంచి వచ్చిన మా తమ్ముడు పైపు పల్లానికి దిగినచోట విప్పాడు. చెంబుడు నీళ్లు కారాయి. ఈ గ్యాస్‌లో తేమ ఉంటుంది, పైపులో చల్లబడి నీరై పల్లంలో నిలిచి దారి మూసేస్తుంది. అప్పుడప్పుడు ఆ నీళ్లు వదలడానికి అక్కడో చిన్న కుళాయి పెట్టాలట. మాకు పెట్టలేదు. ఇచ్చిన కాగితంలో ఉందేమో, అది ఒడియాలో ఉంది. నాకు ఒడియా మాట వచ్చు గానీ అక్షరం రాదు.

పవర్ టిల్లర్ కొన్నాక ఎద్దుల్ని అమ్మేశాం. మిగిలిన 3 ఆవుల పేడ 30 కిలోలు దాటదు. రాత్రి వంటకే గ్యాస్ వస్తోంది, చలికాలంలో అదీ అంతంతే. బయటికొచ్చే పేడనీళ్లు మాత్రం వంగమడికి గత్తం కన్నా బాగా పనిచేస్తున్నాయి.

సబ్సిడీ ఇచ్చే అధికారులను అడిగేది రెండే. ఆ కాగితం తెలుగులోనూ వేయండి. నాలుగు ఊళ్లకి ఒక మేస్త్రీకైనా మరమ్మతు నేర్పండి. మా వీధిలోనే ఇంకో రెండు ప్లాంట్లు మూలపడ్డాయి, ఒకదాని మీద గుమ్మడిపాదు పాకింది. ముందు పైపు విప్పి చూడమని వాళ్లకి చెప్పి వచ్చాను.

— ఒక రైతు ఇల్లాలు,
కాశీనగర్ ప్రాంతం, గజపతి జిల్లా, ఒడిశా